మగనత్తల లెక్క

ఒక సరస్సులో వెయ్యి ఆడనత్తలూ వెయ్యి మగనత్తలూ ఉన్నాయనుకుందాం. ఒక్కో ఆడనత్త కన్న పిల్లల్లో బతికి పెద్దవయ్యేవి సగటున రెండు: ఒకటి ఆడ, ఒకటి మగ. తరం మారినా జనాభా మారదు. ఇప్పుడు అక్కడికి మగతోడు అవసరం లేని ఆడనత్త ఒకటి వచ్చిందనుకోండి. దానికీ మిగిలేవి రెండు పిల్లలే. కాకపోతే రెండూ ఆడవే, రెండూ అచ్చంగా తల్లి నకళ్లే. ఆ రెండూ మళ్లీ రెండేసి కంటాయి. నాలుగు, ఎనిమిది, పదహారు... పదో తరం నాటికి 1,024. మొదటి నుంచీ ఉన్నవి మాత్రం ఇంకా ఆ వెయ్యి జంటల దగ్గరే ఉంటాయి. మరో పది తరాలకు ఆ సరస్సు ఎవరిదవుతుందో చెప్పనక్కర్లేదు.

జీవశాస్త్రంలో ఇంత చిన్న లెక్క ఇంత పెద్ద ఇబ్బంది తెచ్చిపెట్టడం అరుదు. 1970లలో దీన్ని గట్టిగా ముందుకు తెచ్చినవారు జాన్ మేనార్డ్ స్మిత్, జార్జ్ విలియమ్స్. మేనార్డ్ స్మిత్ మొదట్లో విమానాల ఇంజనీరు. ఏ భాగం బరువు అనవసరమో వెతికే చూపు ఆయనకు అక్కడే అబ్బిందేమో! ఈ లెక్కలో అనవసరపు బరువు మగది. అది పిల్లల్ని కనదు, చాలా జాతుల్లో సాకదు కూడా. తల్లి తన శక్తిలో సగం కొడుకుల మీద పెడితే ఆ సగం నుంచి నేరుగా మనవలు పుట్టరు. లైంగిక ప్రత్యుత్పత్తికి ‘రెట్టింపు ఖర్చు’ అని దీనికే పేరు. ఖర్చు ఇంత ఉన్నా జంతువుల్లో, మొక్కల్లో అత్యధిక భాగం ఆడా మగా కలిసే సంతానాన్ని కంటున్నాయి. ఎందుకు?

ఇదంతా కాగితం మీది ఊహ అని తోసెయ్యడానికి లేదు. మగతోడు లేకుండా కనే ఆడజీవులు నిజంగానే ఉన్నాయి, మన పెరట్లోనే ఉన్నాయి. పూలకుండీ మట్టిలో వానపామని పొరబడేలా కనిపించే నల్లటి గుడ్డిపామును చాలామంది చూసే ఉంటారు. 18వ శతాబ్దం చివర్లో విశాఖపట్నంలో పనిచేసిన స్కాట్లాండు వైద్యుడు పాట్రిక్ రసెల్ దాని బొమ్మ వేయించి, అక్కడివాళ్లు చెప్పిన రెండుతలల పాము అనే పేరుతోనే 1796లో అచ్చువేశాడు. ఇప్పుడు ఆ పేరు వేరే పాముకి అంటుకుంది, అది వేరే కథ. 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాఁ ఆ బొమ్మ ఆధారంగానే శాస్త్రీయనామం పెట్టాడు కాబట్టి శాస్త్రం రికార్డుల్లో ఆ పాము సొంతూరు విశాఖే. ఇంతవరకూ పరీక్షించినవన్నీ ఆడవి. మామూలు పాములకు క్రోమోజోములు రెండు సెట్లుంటే దీనికి మూడు. కుండీల మట్టిలో దాక్కుని ఓడలెక్కి ప్రపంచంలోని వెచ్చటి చోట్లన్నిటికీ పాకింది. ఒక్కటి చేరితే చాలు, వంశం మొదలవుతుంది. అయినా ఇన్ని వేల పాముజాతుల్లో పూర్తిగా ఇలా బతుకుతున్నట్టు తెలిసింది ఇదొక్కటే. లెక్క ప్రకారం అన్నీ ఇలా ఉండాలి.

జవాబులకు కొదవ లేదు. సంతానంలో వైవిధ్యం కోసమే ఈ ఏర్పాటు అని ఆగస్ట్ వైస్‌మాన్ 19వ శతాబ్దంలోనే అన్నారు. ఆ మాట కాదన్నవాళ్లు తక్కువ. కాని వైవిధ్యం ఎప్పుడో రాబోయే కాలానికి పనికొస్తుందంటే కుదరదు. రెట్టింపు ఖర్చు ఈ తరంలోనే చెల్లించాలి, లాభమూ దగ్గరలోనే కనపడాలి. దీనికి విలియమ్స్ చెప్పిన పోలిక లాటరీ. రేపు వాతావరణం ఎలా మారుతుందో తెలియనప్పుడు ఒకే నంబరున్న టికెట్లు వంద కొనడం కంటే వేర్వేరు నంబర్లున్నవి యాభై కొనడం తెలివి. మరికొందరు వాతావరణాన్ని పక్కన పెట్టి ఇరుకు వైపు చూశారు: తోబుట్టువులన్నీ ఒకే రకమైతే ఒకే తిండి కోసం కొట్టుకుంటాయి, రకరకాలుగా ఉంటే తలోదారి చూసుకుంటాయి. హెర్మన్ ముల్లర్ దృష్టి హానికరమైన ఉత్పరివర్తనల మీద పడింది. నకలు మీద నకలు తీస్తూపోతే తప్పులు పేరుకుపోతాయే తప్ప తగ్గవు, జన్యువులను కలిపి పంచే పద్ధతే వాటిని వదిలించుకునే దారి అని ఆయన వాదన.

నాలుగో జవాబు పరాన్నజీవులది. 1978లో జాన్ జెనికీ, 1980లో విలియం హామిల్టన్ దాన్ని సిద్ధాంతంగా నిలబెట్టారు. పురుగులు, బాక్టీరియాల వంటి పరాన్నజీవుల తరాలు చకచకా మారిపోతాయి. ఆతిథేయుల్లో ఏ రకం ఎక్కువగా ఉంటే ఆ రకాన్ని పట్టగల పరాన్నజీవికే తిండి ఎక్కువ, సంతానమూ ఎక్కువ. కాబట్టి ఎక్కువగా ఉండటమే ఒక నేరమైపోతుంది. 1,024కు చేరిన మన నకళ్ల వంశం (క్లోను) విజయమే దానికి శిక్ష. కలిసి కనే జంటల పిల్లలు మాత్రం దేనికది కొత్త కలయిక, ఏ ఒక్క రకమూ అతిగా పెరగదు. లూయిస్ కెరోల్ కథలో ఎంత పరుగెత్తినా ఉన్నచోటే ఉండే ఎర్రరాణి పేరును లీ వాన్ వేలెన్ 1973లో పరిణామశాస్త్రంలోకి తెచ్చారు. ఆయన చెబుతున్నది జాతులు అంతరించిపోవడం గురించి. తర్వాత ఆ పేరు పరాన్నజీవుల సిద్ధాంతానికి అతుక్కుని ‘ఎర్రరాణి పరికల్పన’ అయింది.

సిద్ధాంతాలన్నీ ముచ్చటగానే ఉన్నాయి. లేనిదల్లా అవి ఒకదానికొకటి ఎదురుపడి, ఒకటి గెలిచి మరొకటి ఓడే చోటు. గుడ్డిపామును మరో పాముతో పోల్చి లాభం లేదు. ఆ రెండింటికీ తిండి, ఒళ్లు, నివాసం, అన్నీ తేడాలే, ఏ తేడా దేనికి కారణమో తేలదు. కావలసింది ఒకే జాతి, ఒకే నీరు, అందులో రెండు పద్ధతులూ పక్కపక్కనే. 1980లలో కర్టిస్ లైవ్లీ అనే అమెరికన్ యువకుడు న్యూజీలండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయానికి వెళ్లి అలాంటి చోటును పట్టుకున్నారు. నేను ఈ వ్యాసంలో మెచ్చుకోదలచింది ఆయన పనితనాన్ని. ఎర్రరాణి సిద్ధాంతం ఆయనది కాదు, దాన్ని ఓడిపోగల పందెంగా మార్చిన పని ఆయనది.

ఆ జీవి పేరు పొటమోపిర్గస్ ఆంటిపోడారం. పేరు పెద్దది, నత్త మాత్రం అర సెంటీమీటరు. న్యూజీలండ్ సరస్సుల్లో, వాగుల్లో రాళ్ల మీద, నాచు మీద గుంపులు గుంపులుగా ఉంటుంది. గుడ్లు బయట పెట్టకుండా పిల్లల్ని లోపలే సాకి కంటుంది. ఇందులో కొన్ని ఆడవి మగతో జతకట్టి కంటాయి, వాటి క్రోమోజోములు రెండు సెట్లు. మరికొన్ని ఆడవి మగ ప్రమేయం లేకుండా ఆడపిల్లల్నే కంటాయి, వాటికి చాలావరకు మూడు సెట్లు. రెండూ ఒకే రాయి మీద పాకుతుంటాయి, పైకి చూస్తే ఏది ఏదో తెలియదు. కొన్ని చోట్ల మగవి ఉంటాయి, కొన్ని చోట్ల దాదాపుగా ఉండవు.

ఇక ఈ నత్తకు పట్టే పురుగు. అది ట్రెమటోడు, మన గొర్రెలకూ పశువులకూ పట్టే కార్జపు జలగ ఉన్న వర్గమే. కార్జపు జలగ కూడా జీవితంలో ఒక దశ నత్తలోనే గడుపుతుందని పశువైద్యులు చెబుతుంటారు. న్యూజీలండ్ పురుగు గుడ్లు బాతుల రెట్టలో నీటిలోకి వస్తాయి. నత్త మేస్తూ వాటిని మింగుతుంది. లోపల పురుగు తనకు తానే నకళ్లు తీసుకుంటూ నత్త బీజాశయాన్ని ఆక్రమిస్తుంది. నత్త చావదు, కాని ఇక పిల్లల్ని కనదు. ఆ నత్తను బాతు తింటే పురుగు బాతు పేగుల్లో పెద్దదై, అక్కడ లైంగికంగా సంతానోత్పత్తి చేసి గుడ్లు పెడుతుంది. అంటే ఈ పురుగు జీవితంలో రెండు పద్ధతులూ ఉన్నాయి. పరిణామం దృష్టిలో సంతానం లేకపోవడం చావుతో సమానం. ఎర్రరాణికి ఇంత కఠినమైన శత్రువే కావాలి. తుమ్మూ దగ్గూ తెప్పించి వదిలేసే పరాన్నజీవి రెట్టింపు ఖర్చును పూడ్చలేదు.

లైవ్లీ పనితనం మొదట కనిపించేది కొలతలో. ఏ చోట ఎంత భాగం లైంగికంగా సంతానోత్పత్తి చేస్తోందో తెలియాలంటే ఒక్కో నత్త క్రోమోజోములు లెక్కించాలి. దేశం నలుమూలలా చేయాలంటే అది జీవితకాలం పని. ఆయన మగవాటిని లెక్కపెట్టారు. క్లోన్లలో మగవి దాదాపుగా పుట్టవు, లైంగిక జనాభాలో సుమారు సగం మగవే. కాబట్టి ఒకచోట నూటికి 20 మగవి ఉంటే అక్కడ సుమారు 40 శాతం లైంగిక జనాభా అన్నమాట. అసలు లేకపోతే అన్నీ క్లోన్లే. సూక్ష్మదర్శిని కింద గుల్ల పగలగొడితే మగదో ఆడదో కనిపిస్తుంది. అదే చూపులో బీజాశయంలో పురుగు ఉందో లేదో కూడా కనిపిస్తుంది. ఒక్క గుల్ల పగిలితే రెండు అంకెలు. ఖరీదైన యంత్రం అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. మంచి పనివాడి చేతి పని ఇలా ఉంటుంది: కొలత చౌక, ప్రశ్న ఖరీదు.

రెండోది చోటు ఎంపిక. వాగులకు వరదలొస్తాయి, ఎండుతాయి, నీటి తీరు ఏడాదికేడాది మారిపోతుంది. సరస్సులు నిలకడగా ఉంటాయి. లాటరీ వాదమే నిజమైతే మగనత్తలు వాగుల్లో ఎక్కువ ఉండాలి. కాని పురుగుల బెడద సరస్సుల్లో ఎక్కువ. ఎర్రరాణి నిజమైతే మగనత్తలూ సరస్సుల్లోనే ఎక్కువ ఉండాలి. రెండు సిద్ధాంతాలు రెండు దిక్కులు చూపిస్తున్నాయి, రెండూ గెలిచే వీలు లేదు. ఇలాంటి కూడలి దొరకడం అదృష్టమే అయినా, అది కూడలి అని గుర్తించడం అదృష్టం కాదు. 1987లో ‘నేచర్’ పత్రికలో ఆయన వ్యాసం వచ్చింది, మూడు పేజీలు. మగవి సరస్సుల్లోనే ఎక్కువ. పురుగు ఎక్కువున్న చోట మగవీ ఎక్కువ.

ఆ మూడు పేజీలతో ఆగిపోయి ఉంటే ఇది పాఠ్యపుస్తకంలో ఒక పేరాగా మిగిలేది. నాకు ఎక్కువ నచ్చేది తర్వాతి ముప్ఫై ఏళ్లు. రెండు విషయాలు కలిసి పెరిగాయంటే ఒకటి రెండోదానికి కారణమని కాదు. లైవ్లీ, ఆయన సహచరులు తమ ఫలితానికే ప్రతివాది వకీళ్లుగా నిలబడ్డారు.

మొదటి అభ్యంతరం ఇది. నత్తలు పల్చగా ఉన్నచోట ఆడదానికి మగతోడు దొరకడం కష్టం, అక్కడ ఒంటరిగా కనగల క్లోను గెలుస్తుంది. నత్తలు పల్చగా ఉన్నచోట పురుగుకూ ఆతిథేయులు దొరకవు. అంటే క్లోన్లు, పురుగుల లేమి, రెండూ కలిసే కనిపిస్తాయి, కాని అసలు కారణం జనసాంద్రత. బలమైన అభ్యంతరమే. దీన్ని పరీక్షిస్తూ 1992లో ప్రచురించిన అధ్యయనంలో మగవాటి నిష్పత్తికి నత్తల సాంద్రతతో చెప్పుకోదగ్గ సంబంధం కనపడలేదు, పురుగుతో కనపడింది.

రెండో అభ్యంతరం: పురుగులు నిజంగా తమ ఊరి నత్తలను వెంటాడుతూ మారుతున్నాయా? ఒక సరస్సు పురుగును ఆ సరస్సు నత్తల మీదా, వేరే సరస్సు నత్తల మీదా ప్రయోగించి, మళ్లీ తలకిందులుగా చేసి చూడాలి. వాక్యంలో చెప్పినంత తేలిక కాదిది. పురుగు గుడ్లు కావాలంటే పట్టిన నత్తలను ఏదో ఒక జంతువు తినాలి. ఈ బృందం ప్రయోగాల్లో బాతులకూ ఎలుకలకూ తినిపించి, రెట్టలోంచి గుడ్లు వేరుచేసి, నత్తలున్న నీటిలో కలిపింది. ఆ తర్వాత పురుగు కంటికి కనపడేంత ఎదగడానికి సుమారు మూడు నెలలు ఎదురుచూడాలి. 1989లో వచ్చిన ఫలితం: పురుగులు పరాయి నత్తల కంటే సొంత సరస్సు నత్తలనే బాగా పట్టాయి.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఎర్రరాణి సిద్ధాంతం చెప్పేది ఊరికే ‘పురుగు చెడ్డది’ అని కాదు. ఎక్కువగా ఉన్న రకానికే పురుగు పట్టాలి, అరుదైన రకం తప్పించుకోవాలి, కొంతకాలానికి ఆ అరుదైనదే ఎక్కువై మళ్లీ దొరికిపోవాలి. దీనికోసం మార్క్ డిబ్‌డాల్, లైవ్లీ న్యూజీలండ్ దక్షిణ దీవి పడమటి వైపున్న పోయెరువా సరస్సును ఎంచుకున్నారు. అక్కడ ప్రధానంగా క్లోన్లు ఉంటాయి. నత్తల ఎంజైములను విద్యుత్తుతో జెల్ మీద పరుగెత్తిస్తే వచ్చే చారల అమరికే ఒక్కో క్లోనుకూ గుర్తు. అలా ఐదేళ్లపాటు ఏ క్లోను ఎంత ఉంది, దానికి ఎంత పురుగు పట్టింది అని చూస్తూ వచ్చారు. 1998లో ప్రచురించిన వ్యాసం ప్రకారం ఒక క్లోను ఎక్కువైన కొంతకాలానికి దాని మీద పురుగు దాడీ పెరిగింది. వెంటనే కాదు, కాస్త వెనకబడి. ఆ వెనకబాటే కావలసిన ఆనవాలు, ఎందుకంటే వేటగాడు మారడానికి కొంత సమయం పడుతుంది.

ఇక్కడ ఎవరైనా తెలివైన విమర్శకుడు లేచి, ఎక్కువగా ఉన్న క్లోన్లు స్వతహాగా పురుగుకు లొంగే రకాలేమో, వేరే కారణాల వల్ల పెరిగాయేమో అనవచ్చు. 2000లో ‘నేచర్’లో వచ్చిన రెండో వ్యాసం ఆ విమర్శకుడి కోసం రాసినట్టుంటుంది. ఈ మొత్తం పనిలో నా దృష్టిలో అందమైన ముక్క ఇదే. పోయెరువా నత్తలను, ఎక్కువగా దొరికే క్లోన్లనూ అరుదైన క్లోన్లనూ, రెండు రకాల పురుగులకు చూపించారు. ఒకటి పోయెరువా పురుగు, మరొకటి వేరే సరస్సు పురుగు. ఎక్కువున్న క్లోన్లు పుట్టుకతో బలహీనమైతే ఏ ఊరి పురుగైనా వాటినే ఎక్కువగా పట్టాలి. అలా జరగలేదు. సొంత ఊరి పురుగు ఎక్కువున్న క్లోన్లను గట్టిగా పట్టింది, అరుదైనవాటిని వదిలింది. పరాయి ఊరి పురుగుకు రెండూ ఒకటే. ఆ క్లోన్లలో లోపమేమీ లేదు, వాటి సంఖ్య ఎక్కువ కావడమే సొంత ఊళ్లో వాటి పాలిట శాపం. ఏది ఏ క్లోనో గుల్ల పగలగొట్టి జెల్ నడిపితే గాని తెలియదు కాబట్టి ప్రయోగం చేసేవాళ్ల ఆశ ఫలితంలోకి జొరబడే సందు కూడా తక్కువ.

దీనికి కొనసాగింపుగా యుక్కా యోకెలాతో కలిసి చేసిన పని ఆ దీవి పర్వతాలకు తూర్పున ఉన్న అలెగ్జాండ్రినా సరస్సులో జరిగింది. అక్కడ లైంగిక నత్తలూ క్లోన్లూ కలిసి బతుకుతాయి. 1990ల నడుమ మొదలుపెట్టి సుమారు పదేళ్లు గమనిస్తే, మొదట్లో ఏలుబడి చేసిన క్లోన్లు పురుగు బారిన పడి చివరికి అరుదైపోయాయి. లైంగిక జనాభా మాత్రం పెద్దగా ఒడిదుడుకులు లేకుండా నిలబడింది. ఈ ఫలితాలు 2009లో వచ్చాయి.

అదే ఏడాది కేలా కింగ్ ముందుండి చేసిన మరో పనిలో ఒకే సరస్సును లోతు ప్రకారం విడదీసి చూశారు. బాతులు గట్టు దగ్గరి లోతు తక్కువ నీటిలో మేస్తాయి, కాబట్టి పురుగు చక్రం అక్కడే పూర్తవుతుంది. లోతులో ఉన్న నత్తను బాతు అందుకోలేదు, ఆ నత్తలోని పురుగు వంశం అక్కడితో సరి. ఎర్రరాణి ప్రకారం లైంగిక నత్తలు గట్టున ఉండాలి, క్లోన్లు లోతున. అలాగే ఉన్నాయి. పురుగు గట్టు నత్తలకు తగ్గట్టుగా మారి ఉంది, లోతు నత్తలకు తగ్గట్టుగా లేదు. ఒక సరస్సు నుంచి మరో సరస్సుకు పోనక్కర్లేకుండా, కొద్ది మీటర్ల తేడాలో మొత్తం వాదన కనపడుతుంది.

సరే, మొదటి లెక్క మాటేమిటి? రెట్టింపు ఖర్చు గురించి నలభై ఏళ్లు అందరూ రాశారు, కాని ఏ జీవిలోనైనా అది నిజంగా రెట్టింపేనా అని కొలిచినవాళ్లు అరుదు. క్లోన్లు తక్కువ పిల్లల్ని కంటూ ఉంటే, లేదా వాటి పిల్లలు ఎక్కువగా చస్తుంటే ఖర్చే లేదు, చిక్కుముడీ లేదు. 2017లో అమండా గిబ్సన్, లిండా డెల్ఫ్, లైవ్లీ కలిసి ఈ నత్తలనే పెద్ద నీటి తొట్లలో కలిపి పెంచి, ఒక తరంలో క్లోన్ల వాటా ఎంత పెరిగిందో చూశారు. ఫలితం మేనార్డ్ స్మిత్ కాగితపు లెక్కకు సరిపోయింది. ఇల్లంతా కట్టాక పునాది రాళ్లను మళ్లీ పైకి తీసి కొట్టి చూసుకునే మేస్త్రీలు ఎంతమంది ఉంటారు?

నత్తల పనికి ఒక పరిమితి ఉంది. ప్రకృతిలో చరిత్రను వెనక్కి తిప్పి మళ్లీ నడపలేం. ఆ లోటును తీర్చింది 2011లో ‘సైన్స్’ పత్రికలో లీవై మోరన్, లైవ్లీ తదితరులు ప్రచురించిన ప్రయోగం. ఈసారి జీవి ప్రయోగశాలల్లో అందరికీ పరిచయమైన మిల్లీమీటరు పొడవు నులిపురుగు, సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్. ఇందులో ఎక్కువభాగం ద్విలింగులు, తమ అండాలను తామే ఫలదీకరించుకోగలవు, మగది దొరికితే జతకట్టగలవు. ఇది క్లోనింగ్ కాదు, స్వఫలదీకరణ. ఆ తేడాను గుర్తుంచుకోవాలి. కాని ప్రశ్న దగ్గరిదే: మగవాటి ఖర్చు ఎందుకు భరించాలి? జన్యుమార్పులతో ఒక వంశాన్ని ఎప్పుడూ స్వఫలదీకరణే చేసేలా, మరో వంశాన్ని ఎప్పుడూ జతకట్టే కనేలా తయారుచేశారు. మూడోది రెండూ చేసే సహజ వంశం. వీటికి ప్రాణాంతకమైన సెరాషియా బాక్టీరియాను ఎదురు పెట్టారు, అదీ మూడు తీరుల్లో. ఒకచోట చచ్చిన బాక్టీరియా. ఒకచోట బతికున్నదే, కాని ప్రతిసారీ పాత నిల్వ నుంచి తీసిన మారని బాక్టీరియా. ఇంకోచోట, చంపగలిగిన బాక్టీరియానే చచ్చిన నులిపురుగుల నుంచి తీసి తర్వాతి తరం మీదకు వదులుతూ, రెండు పక్షాలూ కలిసి మారనిచ్చారు.

నడిమి ఏర్పాటులోనే అసలు పనితనం ఉంది. అది లేకపోతే ‘రోగం ఉంటే మగవి కావాలి’ అన్నంత వరకే తేలేది. మారని బాక్టీరియా ముందు సహజ వంశంలో జతకట్టడం మొదట పెరిగింది, అలవాటు పడ్డాక మళ్లీ తగ్గిపోయింది. కలిసి మారే బాక్టీరియా ముందు మాత్రం 20 శాతం దగ్గర మొదలై 70 శాతం దాటి, 30 తరాల ప్రయోగం ముగిసేదాకా అక్కడే ఉండిపోయింది. స్వఫలదీకరణ మాత్రమే తెలిసిన వంశాలు కలిసి మారే బాక్టీరియా ముందు 20 తరాల లోపే తుడిచిపెట్టుకుపోయాయి. పోరు ఒక్కసారి జరిగితే చాలదు, ఆగకుండా జరుగుతూ ఉండాలి అన్నది ఇక్కడ అంకెల్లో తేలింది.

ఇంత చెప్పి, ఎర్రరాణితోనే మొత్తం తేలిపోయిందంటే అది అతిశయోక్తి. పేనుబంక లాంటి జీవులు ఏడాదిలో చాలా తరాలు క్లోన్లుగానే కని, చలిదేశాల్లో శరదృతువు వచ్చేసరికి ఒక్కసారి జతకడతాయి. గణితం చూస్తే చాలా సందర్భాల్లో ఆ కాస్త చాలు. మరి మనలాంటి జీవులు ప్రతి తరం ఎందుకు ఈ ఖర్చు పెడుతున్నాయి? పరాన్నజీవుల దాడి సరిపోనిచోట ముల్లర్ చెప్పిన తప్పుల భారం తోడవుతుందేమో. రెండూ కలిసి పనిచేస్తాయని 1999లో స్టువర్ట్ వెస్ట్, ఆండ్రూ రీడ్‌లతో కలిసి లైవ్లీయే వాదించారు. తన సిద్ధాంతానికి ఏకఛత్రాధిపత్యం కోరని మనిషి అని దీన్నిబట్టే తెలుస్తుంది. అన్నట్టు, ఎర్రరాణి దెబ్బ ఎలా ఉంటుందో అరటి రైతుకు వేరే చెప్పక్కర్లేదు. పిలకలతో పెంచే తోటంతా ఒకే క్లోను, అమృతపాణి తోటలోకి పనామా తెగులు దిగితే ఏ చెట్టూ పక్క చెట్టు కంటే భిన్నం కాదు.

సవాలు విసిరేవీ ఉన్నాయి. బ్డెలాయిడ్ రోటిఫర్లు అనే సూక్ష్మజీవుల్లో మగది ఇంతవరకూ కనపడలేదు, వందల జాతులున్నాయి, కోట్ల ఏళ్లుగా ఉన్నాయి. మేనార్డ్ స్మిత్ వాటిని పరిణామశాస్త్రానికి తలవంపులుగా చూశారు. 2010లో క్రిస్ విల్సన్, పాల్ షెర్మన్ వాటి తంత్రం ఒకటి చూపించారు. అవి పూర్తిగా ఎండిపోయి, గాలికి ఎగిరిపోయి, తడి తగిలినచోట మళ్లీ లేస్తాయి. వాటిని తినే బూజు మాత్రం అంతకాలం ఎండుదనాన్ని తట్టుకోలేక చస్తుంది. పరుగుపందెంలో గెలవలేనివి మైదానమే మార్చేస్తున్నాయన్నమాట.

మన నత్త కూడా ఇలాగే ఊళ్లు మార్చింది. 19వ శతాబ్దంలో యూరప్‌కూ, 1980లలో అమెరికాలోని స్నేక్ నదికీ చేరింది. అక్కడి జనాభాలన్నీ క్లోన్లే, అదీ గుప్పెడు రకాలు. నదుల అడుగున ఇసుకలా పరుచుకున్నాయి. న్యూజీలండ్ పురుగు వాటి వెంట రాలేదు. శత్రువు లేని చోట క్లోను ఎలా చెలరేగుతుందో చూడండి, ఎర్రరాణికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి అనాలనిపిస్తుంది. లైవ్లీ పద్ధతి అలవాటైతే ఆ మాట అనలేం. ఎలాగో కొత్త చోటికి చేరిన ఒంటరి నత్త మగతోడు అవసరం లేనిదైతేనే వంశం నిలబెట్టగలదు. పురుగు ఉన్నా లేకపోయినా కొత్త దేశంలో దిగి నిలిచేది క్లోనే. 1992లో ఆయన పక్కకు తీసిపెట్టిన మగతోడు అభ్యంతరం ఇక్కడ చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. కాబట్టి యూరప్, అమెరికాల్లోని కోటానుకోట్ల నత్తలు ఈ వాదంలో ఏ పక్షానికీ సాక్షులు కావు.